కంచుబొమ్మకు ఆయాసం

“ఆగండ్రా! ఇంకొక్క దెబ్బ పడిందా, ఈ బల్లెం నీ డోలులో దూరి వీపులోంచి బయటికొస్తుంది!”

గజముఖద్వారం బురుజు మీద నుంచి కావలి నాయకుడు పెట్టిన ఆ కేకకు బొల్లన చేతిలోని పుల్ల గాలిలోనే నిలిచిపోయింది. పక్కన అతని చెల్లెలు మైలమ తాళాలను ఛాతీకి హత్తుకుంది. ఆమె ఆడపిల్ల అని కావలివాళ్ళకు తెలియదులెండి. తలపాగా చుట్టి, మేకవెంట్రుకల మీసం అంటించుకుని మగవేషంలో ఉంది. ఆ పాడు మీసం ఒకవైపు ఊడిపోయి గాలికి ఎగురుతోంది. దాన్ని నాలుకతో తడిపి తడిపి అతికిస్తూ ఆ పిల్ల పడే అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. వాళ్ళిద్దరి వెనుక సన్నాయి పట్టుకుని నిలబడ్డ ముసలాయన ముమ్మడయ్య, వాళ్ళ తల్లిని కన్న తండ్రి. ఆయన మాత్రం భయపడలేదు. మనవడి నెత్తిన ఠపీమని ఒక్కటిచ్చాడు.

“చెప్పానా వెధవా! ఎరువు తెచ్చుకున్న పాట ఎంతసేపు నిలుస్తుందిరా?”

సంగతేమిటంటే, గిరిమేఖల రాజ్యంలో ఒక వింత ఆచారం ఉంది. దాని రాజధాని నాదగిరిలో వసంతోత్సవం నాడు మేళగాళ్ళు కోటలోకి పోవాలంటే ముద్రికలూ పత్రాలూ ఏవీ పనికిరావు. కావలి నాయకుడు కళ్ళు మూసుకుని వింటాడు. ప్రతి మేళానికీ తనదంటూ ఒక బాణీ ఉండాలి. అది తనదే అయితే తలుపు తెరుచుకుంటుంది. పక్కవాడిది ఎత్తుకొచ్చి వాయిస్తే వీపు విమానం మోతే. మన బొల్లన ఏం చేశాడయ్యా అంటే, తమ బాణీ వింటే తామెవరో పట్టేస్తారేమోనని భయపడి, పేరుమోసిన నీలకంఠపురం మేళం ఫక్కీలో మొదలుపెట్టాడు. ఆ నీలకంఠపురం వాళ్ళు తెల్లవారగానే అదే ద్వారం గుండా లోపలికి పోయారని పాపం అతనికేం తెలుసు!

“దొరా, కుర్రాడు తొందరపడ్డాడు. ఇప్పుడు మాది వినండి,” అని ముమ్మడయ్య సన్నాయి నోట పెట్టాడు.

ఎత్తుకోవడం బాగానే ఎత్తుకున్నాడు. ఈసారి ఎనిమిదో దెబ్బ దగ్గరికి వచ్చేసరికి ముసలాయనకు ఉబ్బసం పొడుచుకొచ్చింది. సన్నాయి గుటుక్కున ఆగిపోయింది. ఆగగానే బొల్లన అరచేతిని డోలు చర్మం మీద రాచి “గుమ్మ్” అనిపించాడు. ఆ గుమ్మ్ మీద మైలమ తాళం ఒకే ఒక్కసారి “ణంగ్” మంది. అప్పటికి తాతకు ఊపిరి అందింది. మళ్ళీ సన్నాయి పైకి లేచింది. బురుజు మీది నాయకుడు మూసిన కళ్ళు తెరవలేదు. బల్లెం మాత్రం మెల్లగా కిందికి దించాడు.

“ఇది నేనెప్పుడూ వినలేదు. ఆ మధ్యలో ఆగడం ఏమిటి, ఒళ్ళు జలదరించింది! పొండి, పొండి లోపలికి.”

ఆ ఆగడం వెనుక ఒక పెద్ద కథ ఉంది. పదేళ్ళ కిందట ముమ్మడయ్యకు ఉబ్బసం పట్టుకున్న కొత్తల్లో వీళ్ళ మేళం అన్నం లేక మాడింది. బొల్లన, మైలమ, వాళ్ళ పెద్దన్న కొమ్మన అప్పటికి పసివాళ్ళు. ఎక్కడ ఏ మేళానికి పేరొస్తే ఆ మేళంలా వాయించేవాళ్ళు. “అసలువాళ్ళే ఉండగా మీరెందుకయ్యా?” అని పెళ్ళివారు పందిట్లోంచి పొమ్మనేవాళ్ళు. ఒకనాడు ఒక జాతరలో తాతకు ఆయాసం వచ్చి పాట తెగిపోతే, అమ్మో ఇప్పుడు రాళ్ళేస్తారని కంగారుపడి బొల్లన ఆ ఖాళీలో గుమ్మ్ అనిపించాడు. మైలమ బెదిరిపోయి ణంగ్ అనిపించింది. జనం నిశ్శబ్దమైపోయారు. మర్నాడు పక్క ఊరివాళ్ళు బండి కట్టుకొచ్చి, “ఆ మధ్యలో ఊపిరి పీలుస్తుందే, ఆ పాట వాయించేది మీరేనా?” అని అడిగారు. అంతే, తాత జబ్బు వాళ్ళ బాణీ అయి కూర్చుంది.

ఇక్కడ ఇంకో విచిత్రం. కొమ్మనకు ఏ జబ్బూ లేదు. పొద్దున్న సన్నాయి ఎత్తితే అంబలి వేళ దాకా ఊదగల గుండె వాడిది. అయినా తాత దగ్గర నేర్చుకున్నాడు కదా, తాత ఆగే చోటల్లా వాడూ గుటుక్కున ఆగి, తాతలాగే ఎగశ్వాస పీల్చేవాడు! “ఒరే, అది నా రోగంరా! సంగీతం కాదు, తగలెయ్య!” అని ముసలాయన తాళం చిప్ప విసిరేవాడు. కొమ్మన నవ్వి తప్పుకునేవాడు తప్ప మానేవాడు కాదు.

ఆ కొమ్మన మూడు నెలల కిందట సన్నాయి పీకలు కొనుక్కొస్తానని నాదగిరికి వచ్చాడు. ఇక్కడి ఏటి రెల్లుతో చేసిన పీకలంటే మేళగాళ్ళకు ప్రాణం. వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. ఆస్థాన మాంత్రికుడు వక్రకర్ణుడు అంజనం వేసి చూసి, “వీడు పలాశదేశపు గూఢచారి” అని చెప్పాడట. కొమ్మనను చెరలో వేశారట. వసంతోత్సవం నాడు పొద్దు కుంకగానే మొసళ్ళ కందకంలోకి తోసేస్తారట. ఈ వార్త విన్న క్షణం నుంచి ఆ ముగ్గురికీ నిద్ర లేదు. అడవులు దాటి, దొంగల కంట పడి తప్పించుకుని, మారువేషాలతో ఇంత దూరం వచ్చింది అందుకే. చిత్రబాహు మహారాజు ఏ మేళం వింటూ “ఇది ఎవరి బాణీ?” అని తన నోటితో అడుగుతాడో, ఆ మేళం ఏ వరం కోరినా కాదనకూడదు. నలభై ఏళ్ళ పాలనలో ఆయన ఆ మాట రెండే రెండుసార్లు అడిగాడు. ఈ రోజు మూడోసారి అడిగించుకుని, “మా అన్నను విడిచిపెట్టండి” అని కోరాలి. అడగకపోతే కొమ్మన లేడు.

సభామండపం చూడగానే మైలమ ఊడిన మీసం సంగతి కూడా మరిచిపోయింది. నూట ఎనిమిది చందనస్తంభాలు, స్తంభస్తంభానికీ మరకతాల లతలు, ఆ లతల నడుమ కెంపుల కళ్ళతో చిలుకలు! గాలి వీస్తే చాలు, పైకప్పుకు వేలాడే వెండి చిరుగంటలు ఘల్లుఘల్లుమంటున్నాయి. మధ్యన స్ఫటికవేదిక మీద సింహాసనం, దాని మీద తెల్లని గడ్డంతో చిత్రబాహువు. వేదికకు ఎడమవైపు మాత్రం ఒక గుండిగలో కంచు కుతకుత కాగుతోంది. ఒకరి బాణీ ఎత్తుకొచ్చి సభలో వాయించిన దొంగల అరచేతులు అందులో ముంచుతారని పక్కవాడు చెప్పేసరికి బొల్లన తన చేతులు పంచె మడతల్లో దాచుకున్నాడు.

ఒక్కొక్క మేళం వచ్చి వాయించిపోయింది. రాజు తల ఆడించాడు, చిరునవ్వు నవ్వాడు, ఎవరినీ ఏమీ అడగలేదు. మిగిలినవి రెండే మేళాలు. ప్రతీహారి వెండిబెత్తం నేలకు తాటించి, “వక్రకర్ణులవారి కంచుమేళం!” అని పిలిచాడు.

వచ్చాడండీ మాంత్రికుడు! కుడిచెవి మామూలుదే. ఎడమచెవి మాత్రం చేటంత ఉండి, మెలితిరిగి భుజం మీద వాలి ఉంది. వేలికి ఎర్రరాయి ఉంగరం. అతని వెనుక ధణ్ ధణ్ మని నేల అదిరేలా మూడు నిలువెత్తు కంచుబొమ్మలు నడిచి వచ్చాయి. ఒకదాని చేతిలో సన్నాయి, ఒకదానికి డోలు, ఒకదానికి తాళాలు. మనిషి పోత, మనిషి పోలిక, కళ్ళున్న చోట మాత్రం నున్నని లోహం. సభలో పసిపిల్లలు కెవ్వుమన్నారు.

మాంత్రికుడు ఉంగరం తిప్పాడు. సన్నాయి బొమ్మ ఎత్తుకుంది.

మొదటి దెబ్బకే బొల్లన నుదురు ముడిపడింది. నాలుగో దెబ్బకు మైలమ అతని మోచెయ్యి పట్టుకుంది. ఎనిమిదో దెబ్బ దగ్గర కంచుసన్నాయి గుటుక్కున ఆగింది. డోలుబొమ్మ గుమ్మ్ మంది. తాళాలబొమ్మ ణంగ్ మంది. అంతటితో అయిందా? కంచుబొమ్మ ఎగశ్వాస పీల్చింది! ఊపిరితిత్తులు లేని బొమ్మ, ముక్కుకు రంధ్రాలు కూడా లేని బొమ్మ, ఉబ్బసం మనిషిలా “హుహ్” మని శ్వాస ఎగబీల్చి మళ్ళీ పాట అందుకుంది!

“అన్నా! మనదే! మన పాటే!” మైలమ అతని చెయ్యి గుంజింది.

అడవిలో దొంగలనూ, ఏట్లో మొసళ్ళనూ చూసినప్పుడు కూడా బొల్లనకు ఇంత భయం వెయ్యలేదు. తమ ఇంట్లో, తమ కంగారులోంచి, తమ ఆకలిలోంచి పుట్టిన పాట ఈ ముక్కూ మొహం లేని లోహపు ముద్దలకు ఎలా వచ్చింది? సభ అంతా నోరు వెళ్ళబెట్టి వింటోంది. సింహాసనం మీద చిత్రబాహువు ముందుకు వంగాడు. లేచి నిలబడ్డాడు.

“ఇది ఎవరి బాణీ?”

అయిపోయింది. ఆ మాట వచ్చేసింది. రావలసినవాళ్ళకు కాకుండా వచ్చింది.

“నాదే ప్రభూ,” అని మాంత్రికుడు నేలదాకా వంగాడు. “వరం కోరుకోమంటే, ఒక్కరోజు రాజముద్రిక నా వేలికి పెట్టించండి చాలు.”

మంత్రుల మొహాలు పాలిపోయాయి. రాజు కూడా ఒక్క క్షణం తడబడి, “ఆఖరి మేళం మిగిలి ఉంది కదా. అది కూడా విని వరమిస్తాం,” అన్నాడు. ప్రతీహారి వెండిబెత్తం బొల్లనవైపు తిరిగింది.

ఏం వాయిస్తారు చెప్పండి? తమది వాయిస్తే దొంగలు. ఇంకోటి రాదు. బొల్లనకు తల తిరిగిపోయింది, ఒళ్ళంతా మండింది. ఆ మంటలో వెనకా ముందూ చూసుకోకుండా అరిచేశాడు.

“మహారాజా! అది మా బాణీ! వాడు దొంగ!”

హాహాకారాలు చెలరేగాయి. నీలకంఠపురం మేళంవాళ్ళు లేచి నిలబడి మరీ చూస్తున్నారు. వక్రకర్ణుడు మాత్రం కిసుక్కున నవ్వాడు.

“సరే,” అన్నాడు రాజు. “ఒకే బాణీని ఇద్దరు నాదంటే మా తాతల నాటి పద్ధతి ఒకటే. బాణీ పుట్టుక చెప్పండి. ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎవరికి పుట్టింది? కన్నవాడికి తెలియకుండా ఉండదు. చెప్పలేనివాడి అరచేతులు గుండిగలోకి. మాంత్రికా, ముందు నువ్వు.”

“ప్రభూ! పౌర్ణమినాడు సముద్రం ఒడ్డున తపస్సు చేస్తున్నాను. కెరటం విరిగి వెనక్కి పోయేటప్పుడు క్షణం సేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే నా పాటలోని విరామం,” అని చేతులు తిప్పుతూ చెప్పాడు వక్రకర్ణుడు.

“మరి ఆ ఎగశ్వాస?”

“అది... అది సముద్రుడి నిట్టూర్పు ప్రభూ!”

సభలో ఒకరిద్దరు ఆహా అన్నారు. రాజు అనలేదు. బొల్లనకు ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది. సముద్రుడా, నీ బొందా! తాత ఉబ్బసం గురించి నాలుగు ముక్కలు చెబితే చాలు, తాత చేత ఒక్కసారి ఊదిస్తే చాలు, గెలిచినట్టే. అన్న విడుదలైనట్టే. అతను ముందుకు అడుగు వేసి నోరు తెరిచాడు.

వెనుక నుంచి ముమ్మడయ్య గోళ్ళు అతని నడుము చర్మంలో కసుక్కున దిగాయి.

“చెప్పకురా.”

“ఏంటి తాతా?”

“చెప్పకు. ఆ ఊదేది బొమ్మ కాదురా.” ముసలాయన అతని చెవిలో గొణిగాడు. “నాకు ఆయాసం ఎప్పుడొస్తుంది? ఏడో దెబ్బకొస్తుంది, ఎనిమిదికొస్తుంది, ఒక్కోసారి తొమ్మిదికొస్తుంది. నువ్వే కదా కనిపెట్టుకుని అందుకునేది. రోగానికి తాళం తెలుస్తుందిరా? ఆ బొమ్మకు మాత్రం ప్రతిసారీ ఖచ్చితంగా ఎనిమిదికే. మాంత్రికుడు నా పాట విని ఎత్తుకుపోయి ఉంటే నా తప్పులు కూడా పోయేవి కదరా. రోగం లేకుండా రోగం నేర్చుకున్నవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. మనం గెలిస్తే ఆ మాంత్రికుడు వాణ్ణి బతకనిస్తాడా?”

బొల్లన గిర్రున సన్నాయిబొమ్మవైపు తిరిగాడు. మైలమ రెండు చేతులతో నోరు మూసుకుంది. కొమ్మన! చెరలో ఉన్నాడనుకున్న పెద్దన్న, సాయంత్రం దాకా ప్రాణాలతో ఉంటాడనుకున్న పెద్దన్న, పది అడుగుల దూరంలో, సభ నడిమధ్య, కంచు పోతలో నిలబడి ఉన్నాడు. మిగతా రెండూ ఉత్త బొమ్మలు. ఈ ఒక్కటీ మనిషి. కళ్ళు లేని ఆ నున్నని లోహం వెనుక నుంచి తమను చూస్తున్నాడో లేదో కూడా తెలియదు.

ఆ క్షణాన బొల్లన చెవిలో, బయటివాళ్ళెవరికీ వినిపించకుండా, ఈగ ముసిరినట్టు ఒక గొంతు వినిపించింది. తలెత్తి చూస్తే వక్రకర్ణుడి పెదవులు కదలడం లేదు. చేటంత చెవి మాత్రం వణుకుతోంది.

“పట్టేశారే! ముసలాడికి రోగమైతేనేం, చెవి గట్టిదే. విను కుర్రాడా. ఈ ఉంగరం ఎడమకు తిప్పితే మీ అన్న పాడతాడు. కుడికి తిప్పానంటే పోత కాగుతుంది, లోపలివాడు కరిగిపోతాడు. పుట్టుక చెబుతావా? చెప్పు, చెప్పు. లోపల మనిషున్నాడని కూడా చెప్పు. నువ్వు మాట పూర్తి చేసేలోగా నేను వేలు తిప్పుతాను.”

“ఏం, నోరు పడిపోయిందా?” అని పైనుంచి ప్రతీహారి గద్దించాడు.

బొల్లన రాజువైపు చూశాడు, గుండిగవైపు చూశాడు, తన చేతులవైపు చూసుకున్నాడు. వేళ్ళకు ఇంకా డోలు తొడుగులు ఉన్నాయి. ఆ చేతులు లేకపోతే అతను మేళగాడు కాడు, ఇంకేదీ కాడు. ఈ రెండు అరచేతుల పని తప్ప అతనికి ఈ భూమ్మీద ఏదీ రాదు. నిజం నాలుక చివర ఉంది. ఒక్క ఉబ్బసం మాట, అంతే. అతనికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మింగి, తొడుగులు ఒక్కొక్కటే తీసి మైలమ చేతిలో పోశాడు.

“పుట్టుక నాకు తెలియదు మహారాజా. బాణీ వారిదే. మేమే దొంగలం. తాతకీ, మావాడికీ ఏ పాపమూ తెలియదు. ఎత్తుకొచ్చింది నేనే. ముంచేదేదో నా చేతులే ముంచండి.”

అప్పటిదాకా దొంగా దొంగా అని అరిచినవాడు ఉన్నట్టుండి నేనే దొంగనంటే ఎవరికి మతి పోదు! గజముఖద్వారం కావలి నాయకుడు గుంపులోంచి, “అబద్ధం! పొద్దున నేను విన్నాను, అది వీళ్ళదే!” అని గొంతు చించుకున్నాడు. అతన్ని పక్కకు నెట్టేశారు. నేరం ఒప్పుకున్నాక సాక్ష్యం అక్కర్లేదు మరి. రాజు బాధగా కళ్ళు మూసుకుని చెయ్యి ఊపాడు. ఇద్దరు భటులు బొల్లనను గుండిగ దగ్గరికి ఈడ్చుకుపోయారు. మైలమ తాళాలు నేలకేసి కొట్టి “వద్దు! వద్దు!” అంటూ వెంటపడింది. ముమ్మడయ్యకు నిజంగానే ఆయాసం ముంచుకొచ్చి స్తంభం పట్టుకుని కూలబడ్డాడు.

భటుడు బొల్లన మణికట్లు పట్టి కాగుతున్న కంచు మీదికి వంచాడు. వేడికి మోచేతుల మీది వెంట్రుకలు మాడాయి.

సరిగ్గా అప్పుడు సన్నాయి మోగింది.

ఎవరూ మోగించలేదు. వక్రకర్ణుడు ఉలిక్కిపడి తన వేలివైపు చూసుకున్నాడు. ఉంగరం కదలలేదు. కంచుబొమ్మ తనంతట తనే సన్నాయి ఎత్తింది, కంచుమోచేతులు కిర్రుమంటున్నాయి, ఊదుతోంది. ఎనిమిదో దెబ్బ వచ్చింది. ఆగలేదు! పదహారు దాటింది. ఆగలేదు! ముప్పై రెండు, అరవై నాలుగు... తెంపు లేదు, ఎగశ్వాస లేదు, అందులో తాత జాడే లేదు. కొండ మీద నుంచి దూకే ఏరులా ఒకే ఒక్క ఊపిరితో పాట పైకీ పైకీ పోతోంది. పదేళ్ళుగా ప్రేమతో దాచిపెట్టుకున్న ఆ గుండెబలమంతా ఒక్కసారి బయటపడింది. పైకప్పు నుంచి వెండిగంటలు తెగి జలజలా రాలాయి. భటుల చేతులు పట్టు జారాయి.

చిత్రబాహువు సింహాసనం మెట్లు దిగి వచ్చేశాడు. ఆయన గడ్డం తడిసిపోయింది.

“ఇది... ఇది ఎవరి బాణీ?”

“నాది కాదు మహారాజా!” కూలబడ్డ ముసలాయన ఏడుస్తూ, నవ్వుతూ నేలను చేతులతో బాదాడు. “నా మీదొట్టు, నాది కాదు! నేను నేర్పింది కాదు! వాడిదే, వాడి సొంతం!”

ఇక మైలమ ఆగుతుందా? మీసం పీకి మాంత్రికుడి మొహాన కొట్టి, “మా పెద్దన్నదండీ! ఆ కంచులో మనిషున్నాడు! మనిషిని పోత పోశాడు వీడు!” అని కోట దద్దరిల్లేలా అరిచింది.

“అయితే ఎవరికీ దక్కకుండా పోనీ!” అని వక్రకర్ణుడు హూంకరించి ఉంగరం కుడికి తిప్పేశాడు. గుప్పెడు విభూతి గాలిలోకి చల్లాడు. తాళాలబొమ్మ చేతిలోని కంచుచిప్ప ఒకటి గిర్రున తిరిగి బండిచక్రమంత పెరిగింది. దాని మీదికి ఎగిరి కూర్చున్నాడు. డోలుబొమ్మ, తాళాలబొమ్మ ముక్కలై ధబధబా కూలాయి. సన్నాయిబొమ్మ మాత్రం కనిపించని తాడుతో కట్టి లాగినట్టు అతని వెంట గాలిలోకి లేచింది. పాట తెగిపోయింది. బాణాలు రివ్వురివ్వున దూసుకుపోయాయి, కంచుచిప్పకు తగిలి ఖణేల్ మని తిరిగి వచ్చాయి.

బొల్లన భటుల్ని విదిలించుకున్నాడు. గుండిగ అంచు మీద కాలు మోపి, స్ఫటికవేదిక మీదికి దూకి, అక్కడి నుంచి సింహాసనం వీపు మీదికి ఎగబాకి, “అన్నా!” అని గాలిలోకి ఎగిరాడు. రెండు చేతులకూ బొమ్మ చీలమండలు దొరికాయి. అంతే, పైకప్పు మధ్యనున్న వెలుతురు గవాక్షంలోంచి ముగ్గురూ రివ్వున బయటపడ్డారు.

మధ్యాహ్నపు ఎండకు కళ్ళు చీకట్లు కమ్మాయి. కింద కోట, కోట చుట్టూ కందకం, కందకంలో నోళ్ళు తెరిచిన మొసళ్ళు. చూస్తుండగానే అన్నీ చిన్నవైపోయాయి. కంచుచిప్ప ఉత్తరాన నల్లకొండలవైపు తిరిగింది. మాంత్రికుడు వెనక్కి చూసి ఉంగరం మరో చుట్టు తిప్పాడు.

బొల్లన అరచేతుల కింద కంచు గోరువెచ్చనైంది. తర్వాత చురుక్కుమంది. తర్వాత భగ్గుమంది.

“ఒరే బొల్లా...” లోపలి నుంచి, లోహం పొరల వెనుక నుంచి, మూడు నెలలుగా వినని గొంతు వినిపించింది. “నువ్వేనా?”

“నేనే అన్నా! నేనే!”

“తాత విన్నాడా?”

“విన్నాడు. నీ సొంతమన్నాడు. ఏడ్చాడు.”

కంచులోంచి చిన్న నవ్వు వినిపించింది. తర్వాత దగ్గు.

“ఇంక చాల్లేరా. కింద ఏరు కనిపిస్తోంది కదా, అందులో పడు. చేతులు వదిలెయ్. డోలు వాయించుకోవాలి నువ్వు. కాలిపోతాయిరా, వదిలెయ్!”

తన చర్మం కమిలిన వాసన బొల్లన ముక్కుకే తగిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. అతను పళ్ళు బిగించి, ఒక్కో వేలే జరుపుతూ, ఆ మండే కాళ్ళను ఇంకాస్త పైకి పట్టుకున్నాడు.